అన్నయ్య బండికి కొత్త రేడియో

మొన్న మా ఎదురింటాయన కొత్త కారు కొన్నారు. కోర్టులో ఉద్యోగం చేసి రిటైరైన మనిషి కనుక ఏ పనైనా నలుగురు సాక్షుల ముందు జరగాలంటారు. వీధిలో ఉన్నవాళ్ళందరినీ పిలిచి, ఒక్కొక్కరినీ ముందు సీట్లో కూర్చోబెట్టుకుని కోనేరు సెంటరు దాకా తిప్పి తెచ్చారు. నా వంతు వచ్చింది. ఎక్కి కూర్చున్నాను. ఎదురుగా పలకంత తెర ఉంది. "మేడమ్, మీకే పాట కావాలో నోటితో చెప్పండి. అదే వెతుక్కుని పాడుద్ది" అన్నారు. ఏళ్ళ తరబడి పిల్లలకు పాఠాలు చెప్పిన నోరు తెరిచాను గాని, ఒక్క పాట పేరూ బయటికి రాలేదు. ఆయన మర్యాదస్తుడు. "తొందరేం లేదండీ, ఆలోచించుకోండి" అని వార్తలు పెట్టారు. పాటలు తెలియక కాదు. బండిలో ముందు సీట్లో ఎడమవైపు కూర్చుని పాట వినడమంటే నాకు కుడివైపు అన్నయ్య ఉండాలి. అన్నయ్య పోయి ఇంకా ఏడాది తిరగలేదు.

మా నాన్నగారు దివిసీమలో మిషన్ బడి పంతులు. ఆయన పిల్లల్లో నేను బడిని పట్టుకున్నాను, అన్నయ్య నీళ్ళను పట్టుకున్నాడు. నేను బందరులో టీచరుగా స్థిరపడితే, అన్నయ్య గుడివాడలో కాపురం పెట్టి కృత్తివెన్ను దగ్గర చేపల చెరువులు చేసేవాడు. ఆ చెరువుల కోసం కొన్నదే ఆ పికప్ బండి. కొన్నప్పుడు తెల్లగా ఉండేదట. నేను దాన్ని తెల్లగా చూసిన గుర్తు లేదు. వెనక చేపల మేతకు తవుడు బస్తాలు, ఐసు పెట్టెలు, వలలు ఎక్కీ దిగీ, చెరువుకట్టల మీద బురద తిని తిని ఫలానా రంగు అని చెప్పడానికి లేకుండా తయారైంది. లోపల వాసన మాత్రం స్థిరంగా ఉండేది. తవుడు, డీజిలు, చేప, వీటికి తోడు అన్నయ్య రాసుకునే కొబ్బరినూనె. పట్టుచీర కట్టుకుని ఆ బండి ఎక్కితే ఆ చీర మళ్ళీ పెళ్ళిళ్ళకు పనికిరాదు.

నేను కూర్చునే వైపు తలుపు లోపలినుంచి తెరుచుకునేది కాదు. ఎక్కడ ఆగినా అన్నయ్య దిగి, బండి ముందునుంచి చుట్టూ తిరిగి వచ్చి, తలుపు తీసి పట్టుకునేవాడు. మా చర్చి ఆడవాళ్ళు అది చూసి, చెల్లెలంటే ఎంత గౌరవమో అని మురిసిపోయేవాళ్ళు. ఇంటికెళ్ళి తమ అన్నదమ్ములను సాధించినవాళ్ళు కూడా ఉన్నారని విన్నాను. తలుపు గొళ్ళెం పాడైందని నేనూ చెప్పలేదు, అన్నయ్యా చెప్పలేదు.

మా ఆయన పోయిన తర్వాత ఆదివారాలు నాకు గడవడం కష్టమైపోయింది. మిగతా రోజులు ఏదో ఒక పని ఉంటుంది. ఆదివారం ఆరాధన అయిపోయి ఇంటికి వస్తే, మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా ఇల్లు నన్ను చూస్తూ కూర్చునేది, నేను ఇంటిని చూస్తూ కూర్చునేదాన్ని. ఈ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోయినా ఒక ఆదివారం చర్చి గేటు దగ్గర అన్నయ్య బండి ఆగి ఉంది. "అమ్మానాన్నల దగ్గరకి వెళ్ళొద్దాం, ఎక్కు" అన్నాడు. అమ్మానాన్నలు దివిసీమలో మా ఊరి సమాధుల తోటలో ఉన్నారు. ఆ రోజు మొదలుకొని ప్రతి ఆదివారం అన్నయ్య గుడివాడలో మొదటి ఆరాధన ముగించుకుని, వదిన కట్టిచ్చిన క్యారేజీతో బందరు వచ్చేవాడు. చల్లపల్లి, మోపిదేవి మీదుగా వెళ్ళి, పులిగడ్డ దగ్గర ఏరు దాటి, సమాధుల మీద గడ్డి పీకి, బండిలోనే కూర్చుని కోడికూరా అన్నం తిని, పొద్దు వాలేలోగా వెనక్కి వచ్చేవాళ్ళం. దారంతా రేడియో. ఆదివారం మధ్యాహ్నం బెజవాడ స్టేషన్ పాత సినిమా పాటలు వేసేది. మేం చిన్నప్పుడు పక్కవాళ్ళ కిటికీ కింద నిలబడి విన్నవే అన్నీ.

అన్నయ్య పాడేవాడు. ఈ మాట విడిగా చెప్పుకోవాలి. చర్చిలో కీర్తన ఎత్తుకుంటే వెనక బెంచీల వాళ్ళు కూడా లేచి నిలబడే గొంతు. సినిమా పాటలు పాడితే నాన్నగారు ఒప్పుకునేవారు కాదు కనుక అవి చెరువు గట్ల మీదా బండిలోనూ పాడేవాడు. అరవై దాటినా రేడియోలో పాట మొదలవగానే స్టీరింగు మీద బొటనవేలితో తాళం వేస్తూ, పల్లవి రెండోసారి వచ్చేసరికి తనూ కలిసేవాడు. నేను కిటికీలోంచి కాలవలు చూస్తూ వినేదాన్ని. ఆ రెండు మూడు గంటలూ నాకు ఎవరూ పోలేదు.

ఇక్కడ మా ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. మా ఇంట్లో పెద్దవాళ్ళకు ఏదీ తగ్గదు. తగ్గితే గిగ్గితే వస్తువుకే తగ్గుతుంది. నాన్నగారికి చూపు మందగించినప్పుడు, పుస్తకాలు అచ్చు వేసేవాళ్ళు సిరా పొదుపు చేస్తున్నారని తేలింది. అమ్మ దీపం దగ్గరకు జరిపి, "అవునండీ, మరీ పలచగా వేస్తున్నారు" అనేది. వదినకు మోకాళ్ళు పట్టేసినప్పుడు, గుడివాడ ఇంటి మెట్లు కట్టిన మేస్త్రి పని తెలియనివాడైపోయాడు. అవే మెట్లు ఆవిడ పిల్లల్ని చంకనేసుకుని ఎక్కిందన్న సంగతి ఎవరూ ఎత్తలేదు. నా మటుకు నేను, ఈమధ్య నా బీరువా తాళాలు వాటంతట అవే చోటు మారుతున్నాయని చెబుతున్నాను. బయటివాళ్ళు దీన్ని అబద్ధమంటే అనొచ్చు. మేం దీన్ని మర్యాద అనుకునేవాళ్ళం. ఎదుటి మనిషి తనంతట తాను చెప్పుకోని లోపాన్ని మనం నోటితో అనకూడదు. అంతే.

ఆ లెక్కన అన్నయ్య బండిలో రేడియో పాడవడం మొదలైంది. ముందు ఒక ఆదివారం, "ఏంటో, గొంతు తగ్గింది దీనికి" అని శబ్దం పెంచాడు. తర్వాతి వారం ఇంకాస్త పెంచాడు. నా పక్క తలుపులో స్పీకరు గడగడలాడింది. కొన్నాళ్ళకు బండి కంటే ముందు పాట ఊళ్ళోకి వచ్చేది. దారిలో గేదెలు కూడా తప్పుకునేవి. ఏరియల్ మార్పించాడు. స్పీకర్లు మార్పించాడు. బెజవాడ వాళ్ళే పవరు తగ్గించారేమో అని కూడా అనుకున్నాం. నేను "అయ్యుండొచ్చు అన్నయ్యా" అన్నాను. వెనక లారీ హారన్ కొడుతుంటే మాత్రం, "కాస్త పక్కకి తీద్దామా, చెట్లు బాగున్నాయి" అని చేత్తో చూపించేదాన్ని. తీసేవాడు. లారీ వెళ్ళిపోయేది. చెట్లు బాగానే ఉండేవి.

అయితే ఒక మార్పు మాత్రం నేను దాటవేయలేకపోయాను. అన్నయ్య పాడడం మానేశాడు. తాళం ఉండేది, అదీ ఒక్కోసారి పాట ఒక దారి, వేలు ఒక దారి. నేను చూస్తే వేలు ఆపేసేవాడు. ఇంటికొచ్చి వదినకు ఫోన్ చేస్తే ఆవిడ నిట్టూర్చింది.

"ఆయనకి చెప్పేదెవరమ్మా. మా అబ్బాయి మొన్న తిప్పి తిప్పి అడిగాడు, వయసొచ్చాక అందరూ ఓసారి చెవులు చూపించుకుంటే మంచిదంట నాన్నా అని. అయితే ముందు మీ అమ్మని తీసుకెళ్ళరా అన్నారు. నువ్వు చెప్పు. నీ మాటయితే వింటారు."

"నేను ఎలా చెప్పను వదినా? అన్నయ్యకి ఇంక వినపడదని నా నోటితో నేను ఎలా అనను?"

తర్వాత ఆవిడ వంకాయల ధర గురించి మాట్లాడింది.

అలాంటి రోజుల్లో అన్నయ్య ఫోన్ చేసి, నా జవాబు కోసం ఆగకుండా, బండికి కొత్త రేడియో పెట్టిస్తున్నాననీ, బందరులోనే చేయిద్దామనీ, నన్నూ రమ్మనీ చెప్పాడు. ఏరియల్ మీద నెపం పెట్టాం, స్పీకర్ల మీద పెట్టాం, బెజవాడ మీద పెట్టాం. కొత్త రేడియోలో కూడా వినపడకపోతే ఇక దేని మీద పెడతాం? నెపం పెట్టడానికి వస్తువంటూ మిగలదు. ఆ క్షణం అన్నయ్య మొహం నేను చూడాల్సి వస్తుంది. అంత గొంతున్న మనిషి, తనకు పాట అనేది ఇక లేదని నా పక్కన కూర్చుని తెలుసుకోవాలి. ఏదో వంక పెట్టి ఈ పని ఆపేద్దామనుకున్నాను. అన్నయ్య వచ్చాక పాతదే బాగుందన్నాను, ఈ బండికి అంత దండగెందుకన్నాను. అన్నయ్య వినలేదు. ఈసారి నిజంగానే వినదలుచుకోలేదు.

షాపు బస్టాండు దగ్గరలో ఉంది. కుర్చీలు బయట వేశారు. ఆ షాపాయన బండిని చూసి, రేడియోని చూసి, మళ్ళీ బండిని చూశాడు. తెర ఉన్నది తెచ్చి చూపించాడు. ఫోన్ కలుస్తుందట, వెనక కెమెరా పెడితే వెనకున్నదంతా కనపడుతుందట. నేను ఆ మాటలన్నీ అన్నయ్య వైపు తిరిగి, మెల్లగా, పెదాలు కదిలేలా మళ్ళీ చెప్పాను. టీచరు గొంతు ఇలాంటప్పుడు అక్కరకొస్తుంది.

"వెనకేముంటదయ్యా చూడ్డానికి, తవుడు బస్తాలేగా" అన్నాడు అన్నయ్య. "మీడియం వేవ్ ఉందా?"

"ఇప్పుడెవరండీ మీడియం వేవ్ వింటున్నారు. అందరూ ఎఫ్ఎమ్మేగా."

"ఏరు దాటాక ఎఫ్ఎమ్ అందదండీ. మాకు బెజవాడ కావాలి."

ఆయన లోపలికెళ్ళి వెతికి, దుమ్ము పట్టిన అట్టపెట్టె ఒకటి తెచ్చాడు. తెర లేనిది, రెండూ పలికేది. అందరికీ పాతది, మా బండికి కొత్తది. పాతదాన్ని పీకితే ఆ గూట్లోంచి తవుడు, పిన్నీసులు, వదిన ఎప్పుడో పారేసుకున్న తల క్లిప్పు రాలాయి. తీగలు ఏ రంగువి దేనికి పోతున్నాయో ఆ బండికే తెలియాలి. ఒక్కొక్కటీ తగిలించి చూసుకోవాల్సి వచ్చింది. ఒకటి తగిలిస్తే వైపర్లు తిరిగాయి. గూడు కాస్త పెద్దదైంది, రేడియో అటూ ఇటూ కదులుతోంది. అన్నయ్య దిగి వెళ్ళి, ఎక్కడిదో తెగిపోయిన హవాయి చెప్పు ఒకటి బండి వెనకనుంచి తీసుకొచ్చి, ముక్క కోసి సందులో దోపాడు. చెరువుల మనుషులకు హవాయి చెప్పుతో అతకనిది ఉండదు.

అన్నయ్య ఇంకో రెండు పనులు చేయించాడు. మంచి స్పీకరు ఎడమ తలుపుకు పెట్టమన్నాడు. మీటలున్న వైపు కాస్త ఎడమకు తిప్పి బిగించమన్నాడు. షాపాయన, డ్రైవరుకు అందదు కదండీ అంటే, ఫర్వాలేదన్నాడు. ఎడమ చెవి ఇంకా కాస్త పనిచేస్తోంది కాబోలు, దానికోసం పాకులాడుతున్నాడు అనుకున్నాను. అవతలికి తిరిగి బస్సులు చూస్తున్నట్టు నిలబడ్డాను.

ఆదివారం వచ్చింది. ఎప్పటిలాగే అన్నయ్య దిగి వచ్చి తలుపు తీశాడు. చల్లపల్లి దాటినా రేడియో పెట్టలేదు. నేనూ అడగలేదు. మోపిదేవి దాటాక, "పెట్టు" అన్నాడు. పెట్టాను. కొత్త రేడియో గొంతు బాగుంది. చిన్నప్పుడు మా పక్కింటి కిటికీలోంచి వచ్చిన పడవ పాట, అప్పటికంటే స్పష్టంగా, ఒక్కొక్క మాటా విడివిడిగా వస్తోంది. నేను శబ్దం పెంచుతున్నాను. ఇంకా పెంచుతున్నాను. అన్నయ్య రోడ్డు చూస్తున్నాడు. బొటనవేలు స్టీరింగు మీద కదలకుండా ఉంది.

"వినపడతందా?" అన్నాడు.

"బ్రహ్మాండంగా ఉంది అన్నయ్యా. నీకూ..."

అన్నయ్య బండిని కాలవ గట్టు వారగా తీసి ఆపాడు. ఇంజను కట్టేసి నా వైపు తిరిగాడు. మొహంలో నేను భయపడిందేమీ లేదు. కొంచెం నవ్వులాగే ఉంది.

"నాకు ఇంజను మోతే సరిగా తెలవదే అమ్మాయ్. పాట పోయి చాలా కాలమైంది. తగ్గించు, నీ చెవులు కూడా పోతాయి."

నేను తగ్గించాను.

"మరి ఇదంతా ఎందుకు?"

"నీకు. పాతది గరగరలాడతంటే నువ్వు మొహం చిట్లించుకుని వింటన్నావు, చూశాగా. బావ పోయిన కాడ్నించి నువ్వు ఇంట్లో పాటనేది పెట్టుకోట్లేదని మీ వదిన చెప్పింది. వారానికోసారన్నా ఇక్కడ వింటావు కదా, సరిగ్గా వినపడాలిగా మరి."

అప్పుడు నాకు ఎడమ తలుపు స్పీకరు అర్థమైంది. నా మాట దెబ్బలాటలాగే వచ్చింది.

"తెలిసినప్పుడు మరి రేడియో గొంతు తగ్గిందని ఎందుకన్నావు? ఏరియల్ ఎందుకు మార్పించావు? నేనూ వదినా ఎంత నలిగిపోయామో తెలుసా?"

"మొదట్లో నిజంగానే అనుకున్నానే. తర్వాత తెలిసింది. కానీ మీరంతా అంత జాగ్రత్తగా దాస్తన్నారు, నువ్వేమో చెట్లు చూపిస్తన్నావు. మధ్యలో నేను బయటపెడితే ఏం బాగుంటది?" అన్నాడు అన్నయ్య.

కాలవ గట్టు మీద, ఆ బండిలో కూర్చుని నేను చాలాసేపు ఏడ్చాను. ఎంత మర్యాదస్తుల ఇల్లు మాది. ఒకరి చెవుల్ని ఒకరం కాపాడుకుంటూ ఇన్నాళ్ళు ఎంత దూరంగా కూర్చున్నాం. అన్నయ్య భుజం మీది తువ్వాలు ఇచ్చాడు. దానికి తవుడు వాసన. రేడియోలో పాట మారింది. నా మొహం చూసి అతనికి ఆ సంగతి తెలిసినట్టుంది.

"ఇప్పుడేం పాటే?" అన్నాడు.

చెప్పాను. పేరు వినపడలేదు. అతని వైపు తిరిగి, పెదాలు కదిపి పల్లవి అందించాను. అన్నయ్య తల ఊపాడు. బండి తీశాడు. పులిగడ్డ వంతెన ఎక్కేలోపే పాడడం మొదలుపెట్టాడు.

ఆ తర్వాత డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళాం. చెవికి మిషన్ ఇచ్చారు. మనుషుల మాటకు, లారీల హారన్‌కు అది పనికొచ్చింది. పాట మాత్రం అందులో రేకుడబ్బాలో గులకరాళ్ళు వేసినట్టు ఉంటుందని, ఏరు దగ్గరపడగానే తీసి జేబులో వేసుకునేవాడు. అప్పుడు అది నా పని. ఏ పాట వస్తోందో చెప్పాలి, ఎక్కడ ఎత్తుకోవాలో చేత్తో చూపాలి. తక్కినదంతా అతని లోపలే ఉంది. ఏ మాటా పోలేదు. కానీ లోపలి పాటకు తొందర ఉండదు కదా. రేడియోలో పాడేవాళ్ళు ముగించేసరికి అన్నయ్య ఇంకా రెండో చరణంలో ఉండేవాడు. వెంటనే ఇంకో పాట వచ్చేసేది. ఆ రెండూ కలిసి గందరగోళం కాకుండా నేను చెయ్యి చాపి రేడియో కట్టేసేదాన్ని. మీట నాకే అందేది. కట్టేసినట్టు అన్నయ్యకు తెలియదు. వరిచేల మధ్య బండి నెమ్మదిగా పోతుండేది, అన్నయ్య కళ్ళు రోడ్డు మీదుంచి చరణం పూర్తిచేసి, పల్లవికి వచ్చి, ఆగేవాడు. "అయిందా?" అని అడిగేవాడు. "ఇప్పుడే అయింది" అనేదాన్ని.

బండి ఇప్పుడు మేనల్లుడి దగ్గర కృత్తివెన్ను చెరువుల మీద ఉంది. రేడియో బాగానే పలుకుతోందట. ఆదివారం కారు పంపిస్తాను, ఊరు వెళ్ళిరా అత్తా అంటాడు. వెళ్తాను, ఎప్పుడో ఒకప్పుడు. నేను చాలా కాలం బతికాను, చాలావరకు మంచి కాలమే. అందులోంచి నాకు పెద్ద భాగాలేమీ తిరిగి అక్కర్లేదు. రేడియోలో పాట అయిపోయాక అన్నయ్య గొంతులో మిగిలి ఉండే ఆ కాసేపు మాత్రం, ఎవరైనా ఇచ్చేలా ఉంటే, అడుగుతాను.